జలపాతానికి ప్రారంభోత్సవం

మణుగూరు దాటాక అడవి చిక్కబడే చోట ఒక జలపాతం ఉంది. అది ఎన్ని వేల ఏళ్ళుగా ఆ బండల మీదినుంచి దూకుతున్నదో చెప్పగలవారు లేరు. అయితే ఇన్నేళ్ళూ అది ఎవరి అనుమతీ తీసుకోకుండా, ఏ పెద్దమనిషీ రిబ్బను కత్తిరించకుండా, కనీసం ఒక శిలాఫలకమైనా లేకుండా, సిగ్గు విడిచి దూకుతున్నదన్న దారుణ సత్యం రెండు వేల తొమ్మిదో సంవత్సరం శ్రావణ మాసంలో కాలనీ విహార సమితి వారి దృష్టికి వచ్చింది. సభ్యులు నిర్ఘాంతపోయారు. ఈ అరాచకాన్ని ఇక ఉపేక్షించరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వచ్చే ఆదివారమే జలపాతానికి ప్రారంభోత్సవం.

విహార సమితి సామాన్యమైన సంస్థ కాదు. గని కాలనీ ఉద్యోగులను నెలకొక ఆదివారం సకుటుంబంగా బస్సెక్కించి, ఏదో ఒక ప్రకృతి సౌందర్యాన్ని పొద్దున్నే ముట్టడించి, మధ్యాహ్నానికి దాని ఎదుట బిరియానీ ఆరగించి, దానికి వీపు తిప్పి నిలబడి ఫోటోలు దిగి, చీకటి పడేలోగా కాగితం పళ్ళేలనూ ప్లాస్టిక్ గ్లాసులనూ విజయచిహ్నాలుగా వదిలి తిరిగి రావడం దాని ఆశయం. గుట్టలు, గుళ్ళు, చెరువులు, వంతెనలు ఒక్కొక్కటే దానికి లొంగిపోయాయి. జలపాతమొక్కటే మిగిలింది.

ఈ దండయాత్రలకు సేనాపతి బలరాం. సంక్షేమ విభాగంలో జూనియర్ అసిస్టెంటు, సమితికి కార్యదర్శి. జలపాతం దిగువన ఉన్న భీమ్లాతండాలో పుట్టాడు. ఆ తండాలో మొదటి డిగ్రీ అతనిది. మొదటిసారి టక్కు చేసిన చొక్కా కూడా అతనిదే. తండావాళ్ళు జలపాతాన్ని ఉత్త "దూకుడు" అంటారని అతనికి తెలుసు. ఆ పేరు పెద్దసారు ఎదుట పలకడానికి నోరు రాక, "స్వర్ణమందాకినీ జలపాతం" అని తానే నామకరణం చేసి బోర్డు రాయించాడు. పెద్దసారంటే చెంచురామయ్య గారు. కాలనీలో ఆయన దగ్గితే నలుగురు నీళ్ళ గ్లాసులతో లేచి నిలబడతారు. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి ఆయనే. బలరాం ప్రమోషను కాగితం మీద సంతకం చేయవలసినవారూ ఆయనే. ఈ రెండింటికీ ఎంతమాత్రం సంబంధం లేదని బలరాం అడిగినవారికీ అడగనివారికీ చెబుతూ వచ్చాడు.

అన్నీ సిద్ధమయ్యాయి, జలపాతం తప్ప.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బోర్డు ఎక్కడ పాతాలో చూడడానికి వెళ్ళిన బలరాంకు స్వర్ణమందాకిని మనిషి చెయ్యంత లావున, ఎవరో మరిచిపోయిన కుళాయిలాగా బండకు అంటుకుని జారుతూ కనిపించింది. ఇంత చిన్న ధారను అంత పెద్ద మనిషికి చూపించడం మర్యాద కాదు. బలరాం ఆలోచించాడు. పక్క క్వార్టరులో ఉండే పంపు ఆపరేటరు స్తెఫనును వెంటబెట్టుకుని శనివారం మధ్యాహ్నం కొండెక్కాడు. బండ అంచుకు కాస్త ఎగువన, వాగు రెండు రాళ్ళ మధ్య ఇరుకయ్యే చోట, ఇసుక నింపిన సిమెంటు సంచులతో కట్ట వేయించాడు. రాత్రంతా నీరు నిలుస్తుంది. రేపు సారు రిబ్బను కత్తిరించగానే కిందినుంచి విజిల్ వేస్తే, పైన స్తెఫను సంచులు లాగేస్తాడు. స్వర్ణమందాకిని పేరుకు తగినట్లు విరుచుకుపడుతుంది.

ఆకాశంలోని గంగను నేలకు దింపినవారి కథలు పురాణాలలో ఉన్నాయి. దిగుతున్న గంగను, ముఖ్య అతిథి వచ్చేదాకా అక్కడే ఉండమన్నవాడి కథ మాత్రం లేదు. ఆ లోటును బలరాం తీర్చాడు.

"కింద తండా ఉన్నది గద తమ్మీ," అన్నాడు స్తెఫను, ఆఖరి సంచిని కాలితో తొక్కి సర్దుతూ. "వాళ్ళకు నీళ్ళెట్ల?"

"అది మా తండానే గదన్నా. ఒక్క రాత్రికి ఎవ్వరు చావరు," అన్నాడు బలరాం.

మా తండా కాబట్టి చావరన్నది అతని తర్కం.

ఇక్కడ తీజ్ గురించి చెప్పాలి. లంబాడీ తండాలలో పెళ్ళికాని ఆడపిల్లలు జరుపుకునే పండుగ అది. బుట్టల్లో పుట్టమన్ను పోసి, నానిన గోధుమలు చల్లి, నాయకుడి ఇంటి ముందు మంచె మీద పెడతారు. తొమ్మిది రోజులు ఉప్పూ కారం లేని తిండి తింటూ, పాడుకుంటూ వాటికి నీళ్ళు పోస్తారు. తొమ్మిదో రోజుకు మొలకలు జానెడు ఎత్తు లేస్తాయి. అప్పుడు బుట్టలను నెత్తికెత్తుకుని పారే నీటిలో విడవడానికి వెళతారు. భీమ్లాతండాలో దీనికి రెండు కట్టుబాట్లున్నాయి. మంచె మీదినుంచి లేచిన బుట్ట నీళ్ళను చేరేదాకా నేలను తాకకూడదు. నీళ్ళ దగ్గర దాన్ని పిల్ల నెత్తిమీదినుంచి దించవలసినవాడు ఆమె అన్న. అన్న బుట్ట దించి, చెల్లెలి కాళ్ళు కడుగుతాడు. చెల్లెలు మొదటి మొలకను అన్న చెవి మీద పెడుతుంది. ఆ తరువాత దారిలో ఎదురైనవారికల్లా పంచుతుంది.

బలరాం చెల్లెలు రూప్లికి ఇది ఆఖరి తీజ్. దీపావళి దాటగానే పెళ్ళి. తల్లీ తండ్రీ లేరు, అన్న ఒక్కడే. వాళ్ళిద్దరినీ పెంచినవాడు పెదనాన్న లచ్చిరాం. తండా నాయకుడూ ఆయనే.

ఏ తండా తీజ్ ఆ తండా నాయకుడు చెప్పిన నాడు మొదలవుతుంది. ఆ శ్రావణంలో చుట్టుపక్కల తండాలన్నీ తీజ్ పెట్టుకుంటుండగా లచ్చిరాం వాగువైపు చూసి, "నీళ్ళు లేని తీజ్ ఏం తీజ్? కొన్ని దినాలు ఆగుదాం," అన్నాడు. ఒక వాన పడి దూకుడు చెయ్యంత లావు అయ్యాకగాని గోధుమలు నానబెట్టనివ్వలేదు. ఈ సంగతి బలరాంకు తెలియదు. పక్క తండాల తీజ్ అయిపోయిందని కాలనీలో విని, తన తండాలోనూ అయిపోయి ఉంటుందని నిశ్చయించుకుని, బస్సు డ్రైవరు చేత చెల్లెలికి ఒక ఎర్రచీర, ఒక మాట పంపించాడు. "డ్యూటీల పడి తీజ్‌కు రాలేకపోయిన, ఏమనుకోకు." చీర తండాకు చేరేనాటికి మంచె కూడా కట్టలేదు. జరగని పండుగకు రాలేకపోయినందుకు క్షమాపణ చెప్పుకున్న అన్న ఆ తండా పుట్టినప్పటినుంచీ ఇతనొక్కడే.

తండా అంతా నవ్వింది. రూప్లి నవ్వలేదు. ఫలానా నాడు తీజ్ అని కబురు పంపుదామని లచ్చిరాం అంటే, "వద్దు పెద్దబాపూ. వచ్చేటోడు అడిగి వస్తడు," అంది. అన్నది గాని, తొమ్మిది రోజులూ బస్సు చప్పుడు వినబడినప్పుడల్లా మంచె దగ్గరినుంచి రోడ్డువైపు చూసింది.

ఆదివారం వచ్చింది. రెండు బస్సుల నిండా విహారులు దిగారు. స్వైన్ ఫ్లూ భయం రోజులు కాబట్టి కొందరు ముక్కుకు మాస్కులు కట్టుకున్నారు. సమోసాలు పంచినప్పుడు వాటిని మెడలోకి దించుకున్నారు. బండల మీద షామియానా లేచింది. బిరియానీ డేగిసాలు పొయ్యెక్కాయి. మైకులో ఎవరో "హలో, చెక్, చెక్" అంటూ అడవికి సమయపాలన నేర్పసాగారు. రెండు కర్రల మధ్య గులాబీ రంగు రిబ్బను కట్టి ఉంది. రిబ్బను వెనుక మహోన్నతంగా, నిటారుగా, నిప్పులు చెరుగుతూ ఒక ఎండిన బండ ఉంది. ఇదేమి జలపాతమని అడిగినవారికి బలరాం చిరునవ్వుతో, "వెయిట్ చెయ్యండి, సర్‌ప్రైజ్," అని చెప్పాడు.

ముఖ్య అతిథి రాలేదు. ఫోను సిగ్నలు ఒకే ఒక రాతి మీద, అదీ ఒంటికాలి మీద నిలబడితేనే అందుతుంది. బలరాం ఆ భంగిమలో ఒక తపస్సంత సేపు గడిపాడు. అప్పుడు కిందినుంచి పాట వినబడింది.

లంబాడీ పాట. అద్దాలు కుట్టిన పరికిణీలు ఎండలో తళుక్కుమన్నాయి. పాతికమంది ఆడపిల్లలు నెత్తిన పచ్చటి మొలకల బుట్టలతో, వెనుక అన్నలూ తమ్ముళ్ళూ, అందరికన్నా ముందు తలపాగాతో లచ్చిరాం, కాలిబాట ఎక్కి వస్తున్నారు. షామియానా చూసి పాట తడబడింది. బండను చూసి ఆగిపోయింది.

బలరాం రాతి మీదినుంచి దిగాడు. రెండో కాలు నేలమీద మోపుతూ చెల్లెలిని చూశాడు.

"ఏంది భియా గిది?" అంది రూప్లి. వాళ్ళ భాషలో భియా అంటే అన్న.

"నువ్వేంది ఈడ?" అన్నాడు బలరాం. అంతకన్నా తెలివైన మాట ఆ క్షణాన అతనికి దొరకలేదు.

"నేనేందా? ఇయ్యాల మన తీజ్ ఇడిసే రోజు."

"తీజా? అయిపాయె గదా! చీర గూడ పంపితి!"

"అవ్, పంపినవ్. నెత్తి మీదనే ఉన్నది, సూడు."

బుట్ట కింద చుట్టకుదురు ఎర్రగా ఉంది. రూప్లి చీరను మడత కూడా విప్పకుండా మెలిపెట్టి చుట్ట చుట్టింది.

"మస్తు మెత్తగున్నదంట అన్నా," అంది పక్కనున్న పూలి. "జర రంగు దిగుతది, గంతే. నీలెక్కనే."

ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. రూప్లి బండవైపే చూస్తోంది.

"నిన్న పొద్దుగాల సుత నీళ్ళున్నయి గీడ. ఏడబోయినయ్?"

"వస్తయ్. ఇంకొంచెం సేపట్ల వస్తయ్."

"ఎట్లొస్తయ్? బస్సుల వస్తయా?"

లచ్చిరాం గొంతు పెంచలేదు. "వాగును ఎవలు కట్టిండ్రు బలరామూ?"

"నేనే పెద్దబాపూ. ఒక్క పూటకే. మా సారొస్తున్నడు. సారొచ్చినంక ఇడుస్తరు."

"మీ నాయిన గదే వాగుల చేపలకు కట్ట ఏసేటోడు. కింద తాగేటోళ్ళున్నరని గింత సందు ఇడిసేటోడు." ముసలాయన బొటనవేలూ చూపుడువేలూ చాపి ఎంత సందో చూపించాడు. "నువ్వు సదువుకున్నవ్. సందు సుత ఇడవలే."

ఏ ఆఫీసు మెమోకూ తడబడని బలరాం ఆ రెండు వేళ్ళ మధ్య ఖాళీని చూడలేక రిబ్బనువైపు చూశాడు. అక్కడినుంచి మహిళా విభాగం అధ్యక్షురాలు ఉషారాణి గారు వీడియో కెమెరాతో వస్తున్నారు.

"బలరాం గారూ, ఎంత కలర్‌ఫుల్‌గా ఉన్నారండీ వీళ్ళు! మీరే అరేంజ్ చేశారా? ఎవరు వీళ్ళంతా?"

బలరాం ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో ఎన్నో మాటలు చెప్పే వీలుంది.

"లోకల్ వాళ్ళు మేడం," అన్నాడు.

రూప్లి మెడ అటువైపు తిరిగింది. నెత్తిమీది మొలకలు ఒక్కటీ కదలలేదు.

"సారు వచ్చేటప్పుడు దారికి రెండు వైపులా ఆ బుట్టలతో నిలబెట్టండి. స్వాగతం అదిరిపోతుంది," అన్నారు ఉషారాణి గారు.

బలరాంకు దారి దొరికింది. లోకంలో ఏ చిక్కుకైనా రెండు వరుసలుగా నిలబడడమే పరిష్కారమని సంక్షేమ విభాగం అతనికి నేర్పింది. చెల్లెలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "రూప్లీ, ఒక పని చేద్దాం. మీరంత రెండు లైన్ల నిలబడుండ్రి. సారొస్తడు, దండం పెట్టుండ్రి. రిబ్బన్ కోస్తడు, నీళ్ళొస్తయ్. మాదీ అయితది, మీదీ అయితది. నా ప్రమోషన్ ముచ్చట గిది, సమజ్ చేసుకో," అన్నాడు.

అంతవరకూ అన్నాచెల్లెళ్ళ మధ్య మాట కొంత లంబాడీలో, కొంత తెలుగులో నడిచింది. లంబాడీలో తిడితే అన్నకొక్కడికే అర్థమవుతుంది. రూప్లి తెలుగునే ఎంచుకుంది.

"దండం పెట్టాల్నా? ఎవలకు? ఉప్పు లేని బువ్వ తిని, పొద్దుమాపు నీళ్ళు మోసి పెంచింది నీ సారుకు ఎదురుపట్టనీకా? ఇన్ని దినాలు నేను ఎవని కోసం రోడ్డు దిక్కు సూసిన? మా అన్న వస్తడు, బుట్ట దించుతడు, కాళ్ళు కడుగుతడు అనుకున్న. వచ్చినవ్. బస్సులేసుకొని, బిరియాని ఏసుకొని వచ్చినవ్! వాగుకు గొంతు పిసికి వచ్చినవ్! మాదీ అయితదా? మీరెవలు, మేమెవలం? ఏనాడు ఏరయినం?"

మైకువాడు చెక్ చెప్పడం మరిచిపోయాడు. బిరియానీ కలుపుతున్న గరిటె ఆగింది.

"జర మెల్లగ మాట్లాడు. అందరు సూస్తున్నరు," అన్నాడు బలరాం.

"సూడనీ! సూడనీకే గద వచ్చిండ్రు! నీళ్ళు లేవు, నన్నన్న సూడనీ!" రూప్లి ఒక్క అడుగు ముందుకు వేసింది. "ఒక్కటే మాట అడుగుత. ఇప్పుడు పైకొచ్చి కట్ట తీసి నా బుట్ట దించుతవా, లేదా?"

అడవిలో ఎక్కడో జీపు హారను వినబడినట్లయింది. అది కోతుల దెబ్బకు కొమ్మ విరిగిన చప్పుడో, నిజంగా హారనో తెలియదు. బలరాం తల మాత్రం రోడ్డువైపు తిరిగింది.

"పది నిమిషాలు, రూప్లీ," అన్నాడు.

రూప్లి బండ పక్కనున్న మేకల దారి పట్టింది. నెత్తిమీద బుట్ట, చెప్పులు లేని కాళ్ళు, ఒక చేత్తో తుప్పలు పట్టుకుంటూ ఎక్కసాగింది. పూలి ఆమె వెనుక. పూలి వెనుక మిగతావాళ్ళు. లచ్చిరాం బలరాంను ఒకసారి కిందినుంచి మీదికి, బూట్లనుంచి టక్కుదాకా చూసి, కర్ర పోటు వేసుకుంటూ తానూ ఎక్కాడు.

పైన స్తెఫను గొడుగు వేసుకుని కట్ట మీద కూర్చుని ఉన్నాడు. వెనుక నీళ్ళు ఒక చిన్న చెరువులా నిలిచి, చెట్ల నీడలను మోస్తున్నాయి. విజిల్ కోసం చూస్తున్నవాడికి పాతికమంది ఆడపిల్లలు కనిపించారు. లేచి నిలబడ్డాడు.

"నీళ్ళు ఈడనే ఉన్నయి గదనే! దించుకుందాం," అంది వరుసలో ఒక పిల్ల.

"నిల్వ నీళ్ళల్ల ఇడవరు బిడ్డా. తీజ్ పారాలె," అన్నాడు లచ్చిరాం.

రూప్లి స్తెఫను ఎదుటికి వచ్చింది. "సంచులు తీయన్నా."

"విజిల్ ఇనబడలె గదమ్మా," అన్నాడు స్తెఫను, తనకే నచ్చని గొంతుతో. "నేను తీస్తే బలరాం తమ్మి కొంప మునుగుతది. నా నౌకరి సుత."

"మా తమ్ములు తీస్తరు. నువ్ జరుగు సాలు."

స్తెఫను ఆమె ముఖం చూశాడు. చెమటతో కలిసి చుట్టకుదురు ఎర్రరంగు నుదుటినుంచి చెంపల మీదికి చారలు కట్టింది. బుట్ట మోసి మోసి మెడ నరాలు లేచాయి. మిగతా పిల్లలకు పక్కన అన్నలున్నారు. బుట్ట జారితే పట్టుకోవడానికి చేతులు చాపి నిలుచున్నారు. ఈ పిల్ల పక్కన ఎవరూ లేరు.

"మీ అన్న ఏడమ్మా?"

"కింద. సారు కోసం రిబ్బన్ కాస్తున్నడు."

స్తెఫనుకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఎవరి తండా, ఎవరి చెల్లెలు, నిన్న ఆ కట్ట దగ్గర ఎవరు ఎవరితో ఏమన్నారు, అన్నీ వరుసగా జ్ఞాపకం వచ్చాయి. గొడుగు మూసి చెట్టుకు ఆనించాడు.

"ఒక్క రాత్రికి ఎవ్వరు చావరన్నడు," అన్నాడు తనలో తాను. పంట్లాం మోకాళ్ళ పైకి మడిచాడు. నీళ్ళలోకి దిగి మొదటి సంచి పట్టి లాగాడు.

సంచి ఊడింది. నీళ్ళు ముందు నాలుకతో తడిమి చూశాయి, తరువాత భుజంతో నెట్టాయి, ఆ తరువాత మిగతా సంచులను ఎవరూ లాగవలసిన అవసరం లేకపోయింది. రాత్రంతా పట్టిన కోపం ఒక్కసారిగా కదిలింది.

అన్నలు బుట్టలు దించసాగారు. రూప్లి ఒంటరిగా, మోకాలి లోతు ప్రవాహంలో, బుట్ట నెత్తిన పెట్టుకునే నిలబడింది.

"దించన్నా," అంది స్తెఫనుతో.

"నేనా?" అతను రెండు అడుగులు వెనక్కి వేశాడు. "నేను చర్చికి పోయేటోన్ని చెల్లె. మీ పండుగల నేను చెయ్యి పెట్టొచ్చునా?" ఆ మాట లచ్చిరాంను చూస్తూ అడిగాడు.

"పెట్టాల్సినోడు పెట్టలే," అన్నాడు లచ్చిరాం. "నీ చేతులు ఖాళీగున్నయా, లేవా?"

స్తెఫను తన చేతులు చూసుకున్నాడు. ఇసుక అంటి ఉంది. వాగులో కడుక్కుని, ప్రార్థనకు వంగినంత జాగ్రత్తగా వంగి, బుట్టను రెండు చేతులా దించాడు. దోసిలితో నీళ్ళు తీసుకుని ఆ పిల్ల కాళ్ళ మీద పోశాడు. మోకాళ్ళ దాకా నీళ్ళలోనే ఉన్న కాళ్ళకు నీళ్ళు పోయడమెందుకని అతను అడగలేదు. రూప్లి మొదటి మొలక తెంపి అతని చెవి మీద పెట్టింది. ముఖం పక్కకు తిప్పుకుంది. ఏడుపు అనుకున్నాడు స్తెఫను. కాదు. పళ్ళు గట్టిగా కరుచుకుని ఉంది.

కింద బలరాం ఒంటికాలి మీద ఉండగా ఆ చప్పుడు వినబడింది. తలెత్తేసరికి బండ అంచున తెల్లటి గోడ లేచి, ఒరిగి, విరుచుకుపడింది. విహారులు ఈలలు వేశారు. "వచ్చింది! వచ్చింది!" అని బిరియానీ వదిలి పరుగెత్తారు.

"ఆపుండ్రి! ఇంకా కాలేదు! ఆపుండ్రి!" అని బలరాం జలపాతం మీద అరిచాడు. టక్కు చేసుకున్న మనిషి రెండు చేతులూ ఎత్తి జలపాతాన్ని నిలబడమని గద్దించడం ఆ అడవి చూసి ఉండదు. ఉషారాణి గారి కెమెరా ఆ దృశ్యాన్ని భద్రపరిచింది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది.

ఆలస్యంగా రావడమే సమయానికి రావడంగా మారడం పెద్దవారికి మాత్రమే సాధ్యం. చెంచురామయ్య గారు దిగి, తుంపర ముఖాన పడగా కళ్ళజోడు తుడుచుకుని, "అద్భుతం!" అన్నారు. కత్తెర అందింది. రిబ్బను తెగింది. ఆ క్షణానే పైనుంచి నీటితోపాటు పచ్చటి గోధుమ మొలకలు గుత్తులు గుత్తులుగా దూకి, ఆయన బూట్ల చుట్టూ తేలాయి.

"ఇదెవరి ఐడియా? చాలా బాగుంది," అన్నారాయన.

బలరాం మొలకలను చూశాడు. అవేమిటో ఆ గుంపులో అతనికొక్కడికే తెలుసు.

"నాదే సార్," అన్నాడు.

చెంచురామయ్య గారు మైకు అందుకున్నారు. "సోదర ఉద్యోగులారా! ఈ స్వర్ణమందాకినిని చూడండి. యుగయుగాలుగా ఈమె ఆగలేదు, అలసిపోలేదు, సెలవు పెట్టలేదు. కర్తవ్యమంటే ఇది! తరగని ఈ ప్రవాహం మనందరికీ..."

ప్రవాహం తరిగింది. ముందు అంచులు సన్నబడ్డాయి. తరువాత మధ్య చీలింది. వక్త "మనందరికీ" అన్న మాట దగ్గర ఆగి వెనక్కి తిరిగేసరికి, కట్ట వెనుక నీళ్ళన్నీ అయిపోయి, కర్తవ్యపరాయణ అయిన స్వర్ణమందాకిని మళ్ళీ చెయ్యంత లావున బండకు అంటుకుని జారుతోంది.

"ట్యాంకు ఖాళీ అయింది సార్, మోటారు వెయ్యాలి," అన్నారెవరో వెనుకనుంచి. షామియానా గొల్లుమంది.

చెంచురామయ్య గారు నవ్వలేదు. "ఏమిటయ్యా ఇది?" అన్నారు మైకు పక్కకు పెట్టి.

"పైన... కొంచెం నీళ్ళు నిలిపి ఉంచాం సార్. ఎవరో కట్ట తెంపిండ్రు," అన్నాడు బలరాం.

"ఎవరు?"

మేకల దారిన తండా దిగి వస్తోంది. తడిసిన పరికిణీలు, ఖాళీ అయిన నెత్తులు, చేతుల్లో మొలకల కట్టలు. ముందు రూప్లి, ఆమె వెనుక చెవి మీద పచ్చటి మొలకతో స్తెఫను. మాట వినబడేంత దగ్గరికి వచ్చేశారు.

"వాళ్ళేనా? ఎవరు వాళ్ళు? నీకు తెలిసినవాళ్ళా?"

"తెల్వదు సార్," అన్నాడు బలరాం. "తండావాళ్ళు."

రూప్లి విన్నది. ఆమె నడక ఆగలేదు.

"కట్ట తెంపింది నేను సార్," అన్నాడు స్తెఫను ముందుకు వచ్చి. "పంపు ఆపరేటర్ స్తెఫనును. వాళ్ళు నాకు తెల్సు. గీమె నా చెల్లె."

చెంచురామయ్య గారు అతని మెడలోని శిలువనూ, ఆమె చేతుల నిండా ఉన్న గాజులనూ మార్చి మార్చి చూశారు. "నీ చెల్లెలా? ఎప్పటినుంచి?"

"గిప్పటి సందే సార్."

"సోమవారం ఆఫీసుకు రా."

"వస్త సార్. దాగిపోయేటోన్ని గాదు."

రూప్లి మొలకలు పంచడం మొదలుపెట్టింది. దారిలో ఎదురైనవారికల్లా పంచాలన్నది కట్టుబాటు. కోపం వచ్చిందని కట్టుబాటు తప్పే పిల్ల కాదు. డేగిసా దగ్గరి వంటమనిషికి ఇచ్చింది. బస్సు డ్రైవరుకు ఇచ్చింది. ఉషారాణి గారికి ఇచ్చింది. చెంచురామయ్య గారి కోటు జేబులో ఒకటి గుచ్చి, "గిది నీ కోసం మస్తు సేపు ఎండల నిలబడ్డది సారూ, జర పైలంగ పెట్టుకో," అంది.

తరువాత బలరాం. అతని బుర్ర వద్దనేలోగానే, చిన్ననాటి అలవాటున, అతని తల కొద్దిగా వంగింది. చెవి ముందుకు వచ్చింది. చెయ్యి కూడా చాచాడు.

రూప్లి చేతిలో ఇంకా మొలకలున్నాయి. వాటిని ఎడమ చేతిలోకి మార్చుకుంది. నడుముకు దోపుకున్న తడి చుట్టను కుడిచేత్తో లాగి, మెలి విప్పి, చాచిన ఆ చేతిలో పెట్టింది.

"ఈ చీర మీదేనా సార్?" అంది. మొదటిసారి అన్నను మీరు అంటోంది. "వాగుల కొట్టుకొచ్చింది. ఎవలో తెల్వనోళ్ళది."

అక్కడినుంచి ఆమె వెళ్ళిపోయింది. వెనుక పూలి పాట ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. లచ్చిరాం దారికి అడ్డంగా వేలాడుతున్న తెగిన రిబ్బనును కర్రతో పక్కకు తోసి, పిల్లలందరూ దాటాక తాను దాటాడు.

"ఆ అమ్మాయి నీకెందుకయ్యా చీర ఇచ్చింది?" అని అడిగారు చెంచురామయ్య గారు.

తెలియదని చెప్పవచ్చు. బలరాం నోరు తెరిచాడు. చీరలోంచి ఎర్రని నీళ్ళు అతని ముంజేతి మీదుగా మోచేతి దాకా జారి, ఇస్త్రీ చొక్కాను తడుపుతున్నాయి. పెద్దసారు జవాబు కోసం చూస్తున్నారు. వెనుక దూకుడు, ప్రారంభోత్సవం ముగిసిన సంగతి తెలియక, చెయ్యంత లావున తండావైపు పారుతోంది.